పసుపు పళ్ళాలు

జూన్ 4

అత్తా,

ఫోన్లో చెబుదామంటే నీకు సగం వినపడదు, మిగతా సగానికి చిన్నత్తే జవాబు చెప్పేస్తుంది. అందుకే కాగితం తీశాను.

ముందు నీ చెయ్యి సంగతి రాయి. మణికట్టు ఇంకా అలాగే వేలాడుతోందా, వేళ్ళు కాస్తయినా లేస్తున్నాయా? డాక్టరు నరమన్నాడా, ఎముకన్నాడా? చిన్నత్తని అడిగితే "బానే ఉందిలే" అంటుంది. ఇల్లు తగలబడుతున్నా బానే ఉందిలే అనే మనిషి మాట నేనెలా నమ్మను?

ఇక్కడి సంగతి. చిన్నత్త ఇంటికి వెళ్ళేముందు నువ్వు హోటలు వాళ్ళకి మాటిచ్చావు కదా, మూడొందల పళ్ళాలు, అన్నీ మన పసుపులో. మట్టి పని అయింది. మొదటి కాల్పూ అయింది. చక్రం గదిలో కాలు పెట్టే చోటు లేదు. గోడ పొడుగునా, బల్లల కింద, ఆఖరికి నీ మంచం మీద కూడా పూత లేని పళ్ళాలు దొంతర్లుగా ఉన్నాయి. గదిలో పక్కకి తిరిగి నడుస్తున్నాను. ఇక గ్లేజు పూత వేసి రెండోసారి కాల్చడమే మిగిలింది.

అక్కడే ఆగిపోయాను. నీ పుస్తకంలో పసుపు పేజీ తీశాను. పలుగురాయి పొడి, తెల్లమట్టి, ఇనుప తుప్పు, అన్నీ తూకాలతో సహా ఉన్నాయి. చివరి వరసలో మాత్రం "అలమారలోది, నా చేత్తో" అని రాసుంది. అలమారకి తాళం. తాళంచెవి నీ దగ్గర. అదేమిటో, ఎంత వెయ్యాలో రాసి పంపు. లేకపోతే తాళంచెవి పంపు.

టైల్స్ ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. రంగుల విభాగంలో చోటు ఖాయమట, జూలై ఒకటికి చేరమన్నారు. రెండు వారాల్లో వస్తానని వెళ్ళినదానివి, ఇవాళ్టికి పదిహేడు రోజులు. నువ్వొస్తేనే నేను కదిలేది.

నీ ఉడత


జూన్ 11

ఉడతా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, నవ్వకు. ఒకటో తరగతిలో నీ అక్షరాలు ఇంతకన్నా ఘోరంగా ఉండేవి, నేను నవ్వానా?

చెయ్యి అలాగే ఉంది. రక్తం తీశారు. ఎందుకంటే చెప్పరు. ఏం తిన్నా ఇనుము నాకినట్టుంటోంది. ఈ ఇల్లు ఐదో అంతస్తు. చిన్నత్త ఆఫీసుకి వెళ్తూ బయట తాళం వేసుకుపోతుంది. మొన్న మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడ్డాన్లే, అందుకు. తొమ్మిది నుంచి ఆరు దాకా నేనూ, కిటికీలోంచి కనబడే ఎదురింటి నీళ్ళ ట్యాంకూ. ఆ నీలం ఎలా తెప్పించాలా అని రోజంతా దాన్నే చూస్తూ కూర్చుంటాను. ఇంకేం చెయ్యను?

పసుపు సంగతి. చెయ్యొద్దు. హోటలు ఆయన్ని ఆకుపచ్చకి ఒప్పించు. అలమార జోలికి పోకు. తాళంచెవి పంపను. ఎందుకని అడగకు.

ఇంకో మాట. పసుపు కోసం నువ్వింత పట్టుబట్టడం ఎప్పుడూ చూళ్ళేదు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళు గానీ అడిగారా? అడిగితే అడిగారని చెప్పు. నేనేం అనుకోను.

అత్త


జూన్ 17

అత్తా,

నీ ఆఖరి మాటలు మూడుసార్లు చదివాను. నేనేం అనుకోను అని రాశావు చూడు, అన్నీ అనుకున్నాకే అలా రాస్తారు ఎవరైనా.

ఏడేళ్ళప్పుడు నాన్న నన్ను నీ గుమ్మంలో దింపి, నెల్లో వస్తానని వెళ్ళాడు. పదహారేళ్ళయింది. ఈ పదహారేళ్ళలో మట్టి పిసికాను, జల్లెడ పట్టాను, నీ పక్కన కూర్చుని చక్రం తిప్పడం నేర్చుకున్నాను. బట్టీ తలుపు సందులోంచి లోపలి ఎరుపు చూసి వేడెంతో చెప్పగలను. కానీ పసుపు కలిపే రోజొచ్చేసరికి "నువ్వు బయటికి పో" అనేదానివి. లోపల గడియ పెట్టుకునేదానివి. నేను మెట్టు మీద కూర్చుని, నీ రోలు చప్పుడు ఎప్పుడాగుతుందా అని చూసేదాన్ని. రంగు దొంగతనం చేస్తానని కదా. అప్పుడు అడగలేకపోయాను, ఇప్పుడడుగుతున్నాను.

రోలే కాదు. ఇంట్లో నువ్వు పసుపు పళ్ళెంలో తినేదానివి, ఎవరైనా వస్తే వాళ్ళకీ పసుపు పళ్ళెమే. నాకు మాత్రం స్టీలు కంచం. పగలగొడతానట. రోజుకి నలభై పళ్ళాలు బట్టీలోంచి దింపే పిల్ల అన్నం తినేటప్పుడు పగలగొడుతుందా?

సరే, పోనీ. నువ్వివ్వకపోతే నేనే వెతుక్కుంటాను. ముప్పై ఒక్క నమూనా బిళ్ళలు కాల్చాను. హోటలు మేనేజరు వారానికోసారి వస్తాడు. గుడ్డలో చుట్టిన మన పాత పళ్ళెం బల్ల మీద పెట్టి, నా బిళ్ళలు ఒక్కొక్కటే దాని పక్కన పెట్టి చూస్తాడు.

"ఇది టీ రంగు. ఇది ఆవపిండి. ఇదేమో కామెర్లొచ్చిన కన్నులా ఉందమ్మా."

"ఆకుపచ్చ చూడండి సార్."

"ఆకుపచ్చ పళ్ళెంలో ఏం పెట్టినా పాచి పట్టినట్టుంటుంది. మీ మేనత్తగారు పసుపని మాటిచ్చారు. ఆవిడ మాటంటే మాటే కదా."

ఆవిడ మాటంటే మాటే. దానికి కట్టేసింది మాత్రం నన్ను. బట్టీ వేసిన రోజు పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా దాన్ని వదిలి కదలకూడదని నీకు తెలుసు. నువ్వెళ్ళిన ఈ నెల రోజుల్లో పదకొండుసార్లు వేశాను. వీధి చివరిదాకా నడిచి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. ఫ్యాక్టరీ వాళ్ళని నెలన్నర ఆగమని బతిమాలుతూ రాశాను.

ఉడత


జూన్ 24

ఉడతా,

కోపం తగ్గాక చదువు.

ఫ్యాక్టరీ మాట అనకుండా ఉండాల్సింది. ఇక్కడ కూర్చుంటే బుర్రలో లేనిపోనివి పుడుతున్నాయి. తలుపు అవతల ఎవరో మెట్లెక్కుతుంటారు, ఐదో అంతస్తు దాకా వస్తారేమోనని చెవులు రిక్కిస్తాను, నాలుగో దాంట్లోనే ఆగిపోతారు.

నీ బిళ్ళల సంగతి. తుప్పు సగం చెయ్యి. పూత పల్చగా పెట్టు, నీ చెయ్యెప్పుడూ బరువే. బట్టీ ఆర్పాక ఆత్రపడి తలుపు తియ్యకు, రెండ్రోజులు దానంతటదే చల్లారనీ. బోరాన్ గాజుపొడి పై అరలో నీలం డబ్బాలో ఉంది, దాంతో కరుగుతుంది. మన పసుపు రాదు. ఏదో ఒకటి వస్తుంది. దాన్నే పూసి, ఆర్డరు పూర్తి చేసి, నీ ఉద్యోగానికి నువ్వు వెళ్ళు.

స్టీలు కంచం మాట ఇప్పుడెందుకు? చిన్నపిల్ల చేతికి పింగాణీ ఎవరిస్తారు.

తాళం పగలగొట్టకు. ఇది పెద్దదాన్నని చెప్పడం కాదు, బతిమాలుతున్నాను.

అత్త


జూలై 3

అత్తా,

తాళం తీయించాను. నీ ఉత్తరం అందిన రోజే. ఎదురువరసలో తాళాలు బాగుచేసే ఆయన్ని పిలిస్తే రెండు నిమిషాల్లో తీసి వెళ్ళిపోయాడు.

లోపల ఒక డ్రమ్ము, ఒక ఇనుప గరిటె. డ్రమ్ము మీది కాగితం సగం చిరిగింది గానీ పుర్రె బొమ్మ మిగిలింది, దాని కింద "సీసం" అన్న మాట కూడా. మూత తీయలేదు. గది తలుపు మూసేసి బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను.

మర్నాడు పొద్దున నీ పళ్ళెం తీసి, నిమ్మచెక్క కోసి దాని మీద బోర్లించాను. సాయంత్రం ఎత్తి చూస్తే దాని కింద గుండ్రంగా వెలిసిపోయింది. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. పళ్ళెం తీసుకెళ్ళి పరీక్షలు చేసే ల్యాబులో ఇచ్చాను. దాంట్లో వెనిగరు నింపి ఒక రోజంతా ఉంచి, ఆ వెనిగర్లోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారట. ఉండదగినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ దిగింది. అక్కడావిడ కాగితం నా చేతికిస్తూ అడిగింది, "దీంట్లో ఎవరైనా తింటున్నారామ్మా?"

ఎవరు తినట్లేదు అత్తా? ఈ వీధిలో మన పళ్ళెం లేని ఇల్లుందా?

నడుచుకుంటూ వస్తుంటే స్టీలు కంచం గుర్తొచ్చింది. నువ్వది మొదలుపెట్టింది నేను ఆరో తరగతిలో ఉండగా. అంతకుముందు నేనూ పసుపు దాంట్లోనే తిన్నాను. అడుగున నా పేరు గీసిన చిన్న పళ్ళెం ఉండేది. ఒకరోజు అది మాయమైంది. అంటే ఆ రోజుకి నీకు తెలుసు.

నన్ను నమ్మక గదిలోంచి పంపేశావనుకుని ఇన్నాళ్ళూ కుమిలాను. నన్ను కాపాడావు. అది తెలిసి సంతోషించాలో ఏం చెయ్యాలో తెలీట్లేదు. ఎందుకంటే నన్ను కాపాడిన ఏడాది నుంచీ నువ్వు అమ్మిన ప్రతి పళ్ళెమూ తెలిసి అమ్మిందే.

నీ చెయ్యి సంగతి కూడా ఇదేనేమో. సీసంతో పనిచేశానని డాక్టరుతో చెప్పావా? చెప్పకపోతే ఇవాళే చెప్పు. నేను ఫోన్ చేసి చిన్నత్తతో చెప్పగలను. నువ్వే చెప్పాలని ఆగుతున్నాను.

ఉడత


జూలై 10

ఉడతా,

డాక్టరుకి చెప్పాను. నేను చెప్పేసరికే రక్తం కాగితం ఆయన చేతిలో ఉంది. "ఎక్కడ పనిచేస్తారమ్మా మీరు" అని అడుగుతున్నాడు. చిన్నత్త నా పక్కనే ఉంది. బానే ఉందిలే అనలేదు ఈసారి.

మందులు మొదలుపెట్టారు. చెయ్యి కొంత తిరిగి వస్తుందంటున్నారు, మొత్తం రాదట.

నువ్వడిగినవాటికి జవాబు రాస్తాను. ఎడమ చెయ్యి కాబట్టి అబద్ధం రాసే ఓపిక లేదు.

నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే చెడ్డది, నిప్పులో పడ్డాక గాజైపోతుంది, గాజులోంచి ఏదీ బయటికి రాదు అని. నేను నమ్మాను. నువ్వు రాకముందు నుంచీ పొడి కలిపేటప్పుడు గదిలో ఎవర్నీ ఉండనిచ్చేదాన్ని కాదు. కిటికీ సందులకి కాగితం అంటించింది కూడా వీధిలోకి పోకుండా ఉండాలనే.

నువ్వు ఆరో తరగతిలో ఉండగా ఒకావిడ పళ్ళెం తెచ్చింది. పచ్చడి వేసి మూతపెట్టి మర్చిపోయిందట, రంగు చచ్చిపోయింది. నవ్వుతూ చూపించింది. నేనూ నవ్వి, ఇంకోటిచ్చి పంపాను. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆ పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడ్డాను. పచ్చడికి కరిగింది గాజెలా అవుతుంది? ఆ మధ్యాహ్నమే నీ పళ్ళెం పగలగొట్టి చెత్తలో వేశాను.

మర్నాడు కొట్టు తీశాను. ఎందుకు తీశావంటావు. ఆ పసుపు ఇంకెవరికీ రాదు. దూరాల నుంచి వచ్చి "పసుపు పళ్ళాలావిడ కొట్టెక్కడ" అని అడిగేవాళ్ళు. నా పేరెవరికీ తెలీదు, ఆ పేరే తెలుసు. ఇవాళ మానేద్దాం, రేపు మానేద్దాం అనుకుంటూనే పన్నెండేళ్ళు కలిపాను. ఆ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటే మళ్ళీ తీసి బయటికొచ్చే దారి తెలీలేదు నాకు. చెప్పాలంటే అంతకుముందు అమ్మినవన్నీ చెప్పాలి. ఎవరితో మొదలుపెట్టను?

నేను మాత్రం పసుపు దాంట్లోనే తిన్నాను. నాకేం కాలేదు కదా అని నాకు నేను చెప్పుకోడానికి.

హోటలు వాళ్ళకి పసుపు ఒద్దని నీకు రాసింది అందుకే. మాటైతే ఇచ్చాను గానీ మూడొందల మందికి కొత్తగా పెట్టలేకపోయాను. ఒప్పుకోవడం తప్ప ఏదైనా చేసేదాన్ని.

నువ్వు కూడా రక్తం ఇచ్చిరా. చిన్నప్పుడు నాలుగేళ్ళు తిన్నావు.

అత్త


జూలై 22

అత్తా,

రక్తం ఇచ్చాను. ఉంది, కొంచెం. భయపడేంత కాదన్నాడు డాక్టరు.

నీ ఉత్తరానికి నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను. తిడుతూ రాస్తే నువ్వు మంచం మీద కనిపిస్తావు, జాలిగా రాస్తే వీధిలో జనం కనిపిస్తారు. కాబట్టి జరిగింది మాత్రం రాస్తాను.

మేనేజరుకి చెప్పాను. ల్యాబు కాగితం చూపించాను. ఆయన చదివి, మడిచి, నా ముందుకే తోశాడు. "ఇన్నేళ్ళుగా తింటున్నారు, ఎవరు పోయారు చెప్పు? ఈ కాగితం మనిద్దరి మధ్యే ఉంటే నీకూ మంచిది, నాకూ మంచిది." చెయ్యనన్నాను. తన దగ్గరున్న పాత పళ్ళాలు వెనక్కివ్వమన్నాను. ఆయన గుడ్డలో చుట్టిన పళ్ళెం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజుల తర్వాత వంటమనిషి చేత ఆరు పెట్టెలు పంపించాడు, ఒక్క మాట కూడా రాయకుండా.

నీ సలహా ప్రకారం ముప్పై ఎనిమిదో బిళ్ళ కాల్చాను. పసుపు కాదు, పాలమీగడ రంగు. నున్నగా, నిండుగా కరిగింది. ఆశగా ల్యాబుకి పంపితే అందులోనూ సీసం దిగింది, తక్కువే గానీ దిగింది. నేను ఒక్క గరిటె కూడా వెయ్యలేదు. ల్యాబులో ఆవిడే చెప్పింది, అదే బకెట్టు, అదే జల్లెడ, అదే బట్టీ పలకలు వాడితే ఇంకేమవుతుందని. ఆ రోజు గదిలో నిలబడి చుట్టూ చూశాను. ముట్టుకోదగ్గది ఒక్కటి లేదు. ముక్కుకి మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో గోడలు, నేల, అరలు తుడిచాను. ఐదు రోజులు పట్టింది. డ్రమ్ముని ల్యాబు వాళ్ళు చెప్పినచోట అప్పగించాను. పలకలు కొత్తవి వేసి మళ్ళీ కాల్చాను. పోయినవారం కాగితం వచ్చింది. ఏమీ దిగలేదు. ఏమీ లేదన్న మాటని అంతసేపు చదువుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ మూడొందల పళ్ళాలకీ ఆ మీగడే పూస్తున్నాను. షట్టరు పక్కన బోర్డు పెట్టాను: "మా పసుపు పళ్ళాల్లో సీసం ఉంది. వాటిలో తినకండి. తెచ్చిచ్చి వేరేవి తీసుకెళ్ళండి." మొదటిరోజు అందరూ చదివారు, ఎవరూ రాలేదు. రెండోరోజు ఒకావిడ పదకొండు పళ్ళాలు, ఒక చిన్న గిన్నె తెచ్చింది. పళ్ళాలు బల్ల మీద పెట్టింది గానీ గిన్నె చేతిలోంచి వదల్లేదు. "మా పాపకి మొదటి ముద్ద దీంట్లోనే పెట్టాను" అంది. నేను చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను.

ఇప్పటికి నూట నలభై వచ్చాయి. కొందరు తిట్టారు. ఒకతను మన పాత పళ్ళెం షట్టరుకేసి కొట్టాడు. అందరూ ఒకే మాట అడుగుతారు, "మీ అత్తకి తెలుసా?" నేను పరీక్ష చేయిస్తే ఇప్పుడే తెలిసిందండీ అంటున్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. రోజుకి ఇరవైసార్లు అంటున్నాను.

ఫ్యాక్టరీ వాళ్ళు ఆగస్టు పదిహేను దాకా చూస్తామన్నారు. నేను రానని రాయబోతున్నాను. కొట్టు మూసి వెళ్తే పారిపోయారంటారు. ఇంకెంతమంది దగ్గరున్నాయో నాకు తెలీదు, అన్నీ వచ్చేదాకా ఈ బల్ల దగ్గరే ఉండాలి. అంటే ఎప్పటిదాకానో.

ఉడత


జూలై 30

ఉడతా,

రానని రాయకు. రాసినా పోస్టు చెయ్యకు.

నీ ఉత్తరం చిన్నత్త చేత చదివించాను. "మీ అత్తకి తెలుసా" అన్నచోట అది ఆగింది. "తెలుసా అక్కా" అని అడిగింది. తెలుసన్నాను. ఎన్నాళ్ళుగా అంది. పన్నెండేళ్ళన్నాను. అది వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు కడిగింది. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ తలుపు తాళం వెయ్యకుండా వెళ్ళింది. అలిగి అలా చేసిందో, ఇష్టమొచ్చినట్టు చెయ్యమనో అడగలేదు.

నా బదులు నువ్వు అబద్ధంలాంటిది చెప్పడం నాకొద్దు. ఇన్నాళ్ళూ నీ ఊపిరితిత్తులు కాపాడాననుకున్నాను, ఇప్పుడు నీ నోటి చేత అబద్ధం చెప్పిస్తున్నాను.

డాక్టరు నన్ను మట్టికీ, రంగులకీ దగ్గరికి పోవద్దన్నాడు. బల్ల దగ్గర కూర్చోవద్దనలేదు. అడిగాను. నెలకోసారి రక్తం చూపించుకుంటే చాలట. ఎవరెవరు కొన్నారో నాకు చాలావరకు గుర్తు. ఇళ్ళ గుర్తులతో సహా రాస్తున్నాను, ఎడమ చేత్తో ఆరు పేజీలయ్యాయి, ఇంకా ఉంది. రానివాళ్ళకి కబురు పంపుదాం.

పదమూడున బస్సు. చిన్నత్త బస్టాండు దాకా వస్తానంది. ఐదంతస్తులూ నేనే దిగుతాను. ఒక రోజు మనిద్దరం ఉంటాం, పద్నాలుగున నువ్వు బయల్దేరు.

వచ్చాక నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

అత్త


సెప్టెంబరు 18

ఉడతా,

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో ఆరుగురికి ఒక గది అంటున్నావు, నీ మంచం తలుపు పక్కనట. రాత్రి తలుపు తీసి వేసేవాళ్ళ మీద కోప్పడకు, కొత్తదానివి. రంగుల గదిలో గాలి తీసే పంకాలు తిరుగుతూ ఉంటాయని రాశావు, ఆ మాట రెండుసార్లు చదివాను.

క్షమించావా లేదా అని రాయలేదు నువ్వు. నేనూ అడగను.

చెయ్యి కొంచెం లేస్తోంది. చూపుడువేలూ, బొటనవేలూ. గ్లాసు పట్టుకోగలను. నిండా ఉంటే కాదు.

హోటలు పెట్టెలతో కలిపి పసుపువి నాలుగొందల పన్నెండు వచ్చాయి. నీ మీగడవి ముప్పై మిగిలాయి. ఎక్కువమంది బోర్డు చదివి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా మార్చుకుపోతున్నారు. అడిగినవాళ్ళకి చెబుతున్నాను. ఎదురువరస వాళ్ళు మాట్లాడ్డం మానేశారు. తాళాలాయన మాత్రం పొద్దున షట్టరు ఎత్తిపెడతాడు, ఎత్తి తన కొట్టుకి పోతాడు. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఈ బల్ల వదలను. మంచినీళ్ళకి లోపలికి వెళ్ళినా, ఈలోపు ఎవరైనా వచ్చి చూసి వెళ్ళిపోతారేమో, నేను పారిపోయాననుకుంటారేమో అని భయం.

మొన్న ఒక దర్జీ వచ్చాడు. నలభై ఉంటాయి. మెడలో టేపు అలాగే ఉంది, పనిలోంచి లేచి వచ్చినట్టు. సంచీలోంచి ఒకే ఒక్క పళ్ళెం తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మది. రెండు పూటలా దీంట్లోనే తినేది. పోయినేడు పోయింది."

నేను లేచి నిలబడ్డాను.

"దీనివల్లేనా?"

"తెలీదు బాబూ. డాక్టర్లు కూడా ఇప్పుడు చెప్పలేరేమో."

"చేతులు పట్టుతప్పాయి ఆఖర్లో. వయసన్నారు." నా కుడిచేతి వంక చూశాడు. నేను దాన్ని దాచుకోలేదు. "ఇచ్చినప్పుడు మీకు తెలుసా? ఎనిమిదేళ్ళ కిందట కొన్నాం."

ఎనిమిదేళ్ళు. ఇంకో ఐదేళ్ళు ముందు కొనుంటే తెలీదనేదాన్ని, అది నిజమే అయ్యేది.

"తెలుసు," అన్నాను. "తెలిసే ఇచ్చాను."

అతను అరుస్తాడనుకున్నాను. బల్లకి ఇటు నేనూ, అటు అతనూ, మధ్యలో ఆ పళ్ళెం. మెడలోంచి టేపు తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. మీగడ పళ్ళెం ఒకటి తీసి ముందు పెట్టాను. ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

వీధి సగం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. లోపలికి రాలేదు, మెట్టు కిందే నిలబడ్డాడు.

"రేపు కూడా ఇక్కడే ఉంటారా?"

ఎందుకని అడగబోయి ఆగాను.

"ఉంటాను," అన్నాను.

అత్త